బావమరిది కాల్చిన పండగ రొట్టె

ఆయన్ని వీధిలో పిల్లా పెద్దా అందరూ బావమరిదనే పిలుస్తారు. నిజానికి ఆయన బేకరీ ఆయనొక్కడికే బావమరిది. ఆ బేకరీ ఆయన మాత్రం ఆయన్ని ఏమని పిలుస్తాడో పండగ పూట రాయడం బాగుండదు.

క్రిస్మస్ ముందు రోజు పొద్దున బేకరీ ఆయన మామూలు రొట్టెలన్నీ కాల్చి తీసి, పిండి బస్తా ఎత్తబోయి, నడుం పట్టేసి, మేడ మీద గదిలో బోర్లా పడుకున్నాడు. కింద బట్టీ బావమరిది చేతికొచ్చింది. ఆ వీధిలో ఎవరింట్లోనూ రొట్టె కాల్చే సాధనం లేదు. పండగొస్తే ఎవరి పిండి వాళ్ళు కలుపుకుని, ఎండుద్రాక్ష, నారింజ తొక్కల ముక్కలు దట్టించి, రేకు గిన్నెలో సర్ది, అంచు మీద తమ గుర్తు గీసుకుని ఈ బట్టీకే తెస్తారు. కాలాక ముక్కలు కోసి ఇంటింటికీ పంచుకోవడం, ఎవరి ముక్క వాళ్ళ ఎదురుగా తిని పొగడడం, గుమ్మం దాటాక అసలు మాట చెప్పుకోవడం అక్కడి అలవాటు.

బేకరీని ఆనుకునే మామ్మ టీకొట్టు. కొట్టు ముందు పొడుగాటి బల్ల. ఆ మధ్యాహ్నం గిన్నెలన్నీ బట్టీలోకి వెళ్ళిపోయాక జనం ఆ బల్ల చుట్టూ చేరి వీధికి కట్టే కాగితం నక్షత్రాలు అంటిస్తున్నారు. ఒకప్పుడు ఉత్తరాలు పంచిన పోస్టు బాబాయ్ జిగురు రాస్తున్నాడు. ఎంత శ్రద్ధగా రాస్తున్నాడంటే నక్షత్రాల కంటే ఆయన వేళ్ళే ఎక్కువ అంటుకుంటున్నాయి. వ్యాను డ్రైవర్ టీ తాగుతూ సలహాలిస్తున్నాడు. బల్ల చివర టైలరమ్మ కాగితం కత్తిరిస్తోంది.

బట్ట కోసే కత్తెరని కాగితానికి తగలనివ్వనని ఒట్టు పెట్టుకున్న మనిషి టైలరమ్మ. కట్టుకున్నవాడు ఒకసారి ఆ కత్తెరతో పేపరు కత్తిరించాడని వారం రోజులు ఆయనకి బొత్తాలు కుట్టలేదు. అలాంటిది ఇవాళ అదే కత్తెరతో కాగితం కోసేస్తోంది, కోస్తున్నట్టు కూడా తెలియకుండా. దాన్నిబట్టి ఆమె ప్రాణం ఎక్కడుందో ఊహించుకోవచ్చు. ఆమె ప్రాణం బట్టీలో, అంచు మీద సూది గుర్తు గీసిన గిన్నెలో ఉంది.

ఆ రొట్టె అక్కకి.

కొన్నేళ్ళ కిందట ఇలాంటి పండగకే అక్క పక్క ఊరినుంచి వచ్చి, టైలరమ్మ చేసిన రొట్టె ఒక ముక్క కొరికి, పదిమంది ముందు, "లోపల పచ్చిగా ఉందే," అంది. టైలరమ్మ ఊరుకుందా? "కరెంటు ఓవెన్ కొనుక్కున్న నోటికి బట్టీ రొట్టె ఎక్కడ రుచిస్తుందిలే," అంది. అక్క ముక్క పళ్ళెంలో పెట్టేసింది. అంతే, ఆ రోజునుంచి మాటల్లేవు. రొట్టె ఎలా ఉందని ఆనాడు మిగతావాళ్ళని ఎవరూ అడగలేదు. అడిగితే పచ్చిగానే ఉందని చెప్పేవాళ్ళు.

మరి ఈ ఏడు మొన్న వ్యాను డ్రైవర్ పక్క ఊరినుంచి ఒక ఎర్ర కాగితం నక్షత్రం తెచ్చి టైలరమ్మ కుట్టుమిషను మీద పెట్టాడు. అంచులు లోపలికి మడిచి ఉన్నాయి. చిన్నప్పుడు అమ్మ నేర్పిన మడత అది. ఆ మడత వచ్చినవాళ్ళు లోకంలో ఇద్దరే మిగిలారు.

"ఏమైనా చెప్పిందా?" అని అడిగింది టైలరమ్మ.

"ఏం చెప్పలేదక్కా. నలగకుండా తీసుకెళ్ళమంది."

నక్షత్రం కిటికీలో వేలాడింది. దానికి జవాబు ఈ రొట్టె. పండగలోగా పక్క ఊరు వెళ్ళే బండి ఇంకొక్కటే ఉంది, ఇవాళ్టిది. డ్రైవర్ బండికి ముందు దీపాల్లో ఒక కన్నే వెలుగుతుంది కాబట్టి చీకటి పడేలోగా వంతెన దాటాలంటాడు. పండగ దాటాక పంపితే అది రొట్టే అవుతుంది గానీ జవాబు కాదు. పైగా ఈసారి రొట్టె లోపల దాకా కాలాలి. నడిబొడ్డు దాకా కాలాలి.

బట్టీ తలుపు మాత్రం మధ్యలో ఎవరూ తీయకూడదు. వేడి పోతే రొట్టె కూలిపోతుందని అందరికీ భయం. అందుకని బావమరిది స్టూలు తెచ్చుకుని బేకరీ గుమ్మానికి అడ్డంగా వేసుక్కూర్చుని, కాళ్ళు చాపి, గొంతు సవరించుకున్నాడు.

"మా బావ ఇవాళ నడుం పట్టుకుని పడుకున్నాడు గానీ, అసలు ఆయనకి పిండి పిసకడం నేర్పిందెవరనుకున్నారు?"

మేడ మీద నేలకి కర్ర తాటించిన చప్పుడైంది. టక్.

"అదిగో, ఔనంటున్నాడు," అన్నాడు బావమరిది. "నేనప్పుడు రేవులో పెద్ద హోటల్లో ఉన్నాను. సరిగ్గా పండగ ముందు రోజు ఓడ నిండా జనం దిగారు, వంటపెద్దకేమో జ్వరం, యజమాని వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని 'బాబూ, నువ్వే దిక్కు' అన్నాడు, కాదంటే బాగుండదు కదా, సరేలెమ్మని ఒక రొట్టె చేశాను. పెద్దదేం కాదు. ఈ బల్లంత."

"ఈ బల్లంతా!" అన్నాడు పోస్టు బాబాయ్.

"కాళ్ళు తీసేసి."

"కాళ్ళు తీసేశాడు, నయమే," అంది మామ్మ టీ వడకడుతూ. "ఇంతవరకు సగం నమ్మొచ్చు."

టైలరమ్మ ముక్కు ఎగబీల్చింది. టీ వాసన. జిగురు వాసన. డ్రైవర్ చొక్కా వాసన. రొట్టె వాసన మాత్రం లేదు. మామూలుగా ఈపాటికి వీధి చివరి ఇంట్లో కూడా ఆకలి లేవాలి.

"అన్నయ్యా, వాసన రావట్లేదేం?"

"వాసనా? మంచి రొట్టె వాసన ముందు లోపలికి ఇంకుతుందమ్మా. అది నిండాకే బయటికొస్తుంది. తొందరగా వాసనొచ్చిందంటే ఆ రొట్టెలో సరుకు లేదని."

టైలరమ్మ తలూపింది. ఊపాక అనుమానం వచ్చింది. గోడ వైపు చూసింది. బట్టీ రాజేసిన రోజున బేకరీ పిల్లి ఆ సెగకి తట్టుకోలేక వచ్చి గోడెక్కి కూర్చుంటుంది. ఇవాళ గోడ మీద పిల్లి లేదు. పండగ కదా, ఎవరింట్లోనైనా వెన్న దొరికి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది.

"ఒక్కసారి చూసి రా అన్నయ్యా. తలుపు తీయకు. చెయ్యి దగ్గర పెట్టి చూడు, చాలు."

"నీ తృప్తి కోసం వెళ్తున్నా," అని బావమరిది లేచి లోపలికి వెళ్ళాడు. వెంటనే వచ్చేశాడు. వచ్చి స్టూలు మీద కూర్చోకుండా, డ్రైవర్ గ్లాసు ఖాళీ అయ్యిందా లేదా అని చూసి, "మామ్మా, తమ్ముడికి ఇంకో టీ ఇవ్వు. నా లెక్కలో," అన్నాడు.

బల్ల మీద ఎక్కడి చేతులు అక్కడే ఆగిపోయాయి. బావమరిది ఇంకొకరికి టీ చెప్పడం ఆ కొట్టు పుట్టాక అదే మొదలు. మామ్మ ఎందుకైనా మంచిదని రెండోసారి అడిగి మరీ పోసింది. టైలరమ్మ కత్తెర కింద నక్షత్రానికి ఒక కాలు తెగిపోయింది.

"ఎక్కడున్నాం? ఆఁ, బల్లంత రొట్టె. అది రొట్టె కాదు, పిండి. కలిపి గుడ్డ కప్పి కాస్త కునుకు తీశానో లేదో, ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొంగింది. మామూలుగా పొంగడం కాదు, గుడ్డని ఎత్తింది, గుడ్డ మీద పెట్టిన పళ్ళేన్ని ఎత్తింది, వంటిల్లు నిండింది, కిటికీలోంచి ఒక చెయ్యిలా బయటికొచ్చింది, నేను లోపలికి తోస్తుంటే అవతలి కిటికీలోంచి వస్తోంది. పై అంతస్తులో వంటపెద్ద జ్వరంతో పడుకున్నాడా, ఆయన మంచంతో సహా నేల పైకి లేచింది. పాపం ఆయన జ్వరంలో తేలుతున్నాననుకున్నాడు, నిజంగానే తేలుతున్నాడు."

టక్, అంది మేడ.

"ఔనంటున్నాడు. ఆ రోజుల్లో బావకి ఉత్తరం కూడా రాశాను."

"నేను పంచిన వాటిలో అలాంటి ఉత్తరం లేదే," అన్నాడు పోస్టు బాబాయ్, జ్ఞాపకం చేసుకుంటూ. ఆయన అన్నీ నమ్ముతాడు, ఉత్తరాల విషయంలో తప్ప.

మేడ మీదినుంచి ఈసారి గొంతే వినిపించింది. "ఒరేయ్! బట్టీ వేశావా?"

"ఎప్పుడో!" అని అరిచాడు బావమరిది. ఆ మాట అని, వెనక్కి తిరిగి ఒకసారి బట్టీ వైపు చూశాడు. ఆ చూపు టైలరమ్మ పట్టుకుంది. మిగతావాళ్ళు కాగితాలు చూస్తున్నారు.

ఎండ గోడ మీద సగానికి దిగింది. డ్రైవర్ రెండో టీ పూర్తి చేసి ఆకాశం వైపు చూశాడు. ఆకాశం చూసి జేబు తడుముకున్నాడు. జేబులో తాళంచెవులు గలగలమన్నాయి, టైలరమ్మ గుండె కూడా దాంతోపాటే.

"తమ్ముడూ, ఇంకాసేపే. రొట్టె వచ్చేస్తుంది."

"వస్తే సరేనక్కా. నా బండికి ఒక కన్నే కదా. వంతెన మీద రెండో కన్నుకి నేనే బయటికి తొంగి చూస్తూ నడపాలి."

"అన్నయ్యా, ఇంకోసారి చూడవూ," అంది టైలరమ్మ.

బావమరిది ఈసారి లోపల చాలాసేపున్నాడు. చప్పుడేమీ లేదు, కట్టె కదిలిన చప్పుడు గానీ, పార గీసిన చప్పుడు గానీ. బయటికి వచ్చేసరికి మీసం మీద, బుగ్గ మీద మసి ఉంది. మసి ఉందిగానీ చెమట లేదు. టైలరమ్మ ముందున్న నీళ్ళ గ్లాసు అందుకోబోతే ఆయన వేళ్ళు ఆమె వేళ్ళకి తగిలాయి. చన్నీళ్ళలో ముంచినట్టున్నాయి. బట్టీ తలుపు ముట్టుకొచ్చిన చేతులు అలా ఉండవు.

ఆమెకి అప్పుడు ఒక సంగతి తట్టింది. బావమరిది లోపలికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ కథ ఒక అంతస్తు పెరుగుతోంది. మొదట బల్ల. తర్వాత మేడ. ఇప్పుడేమంటాడోనని, దేవుడా, చిన్నదే చెప్పించు అనుకుంది.

"పిండి వీధిలోకి వచ్చేసింది," అన్నాడు బావమరిది, కూర్చోకుండానే. "తాళ్ళు కట్టి ఆపాం. ఓడకి వేసే లంగరు తాళ్ళు. మరి కాల్చడం ఎలా? హోటలు బట్టీ చాలదు కదా, ఊరంతటినీ ఖాళీ చేయించి ఊరినే బట్టీ చేశాను..."

టైలరమ్మ కళ్ళు మూసుకుంది.

"...అంత రొట్టెనీ కాల్చి, కోయడానికి వడ్రంగుల్ని రంపాలతో పిలిపించాను, ఒకడు కోసుకుంటూ కోసుకుంటూ లోపలికి వెళ్ళి దారి తప్పాడు."

"అయ్యో! దొరికాడా?" అన్నాడు పోస్టు బాబాయ్.

"పండగైపోయాక వచ్చాడు. ఎండుద్రాక్ష తింటూ బతికాడట. బాగా ఒళ్ళు చేశాడు. అన్నట్టు ద్రాక్షంటే గుర్తొచ్చింది, ఒక ద్రాక్ష దొర్లి ఎడ్లబండికి అడ్డం పడితే చక్రం విరిగింది. ఇక ఆ రొట్టె మీద పెట్టడానికి నేనే ఒక కాగితం నక్షత్రం చేశాను, నూరు ఓడల తెరచాపలంత, దాన్ని వెలిగిస్తే కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి, సూర్యుడొచ్చి చూసి, ఎవరో ముందే వచ్చారనుకుని వెనక్కి..."

"నేను వెళ్తానక్కా," అన్నాడు డ్రైవర్, లేస్తూ.

"కూర్చో తమ్ముడూ, అసలు సంగతి వేడి! వేడి గురించి చెప్పలేదు!" బావమరిది అమాంతం డ్రైవర్ భుజాల మీద చేతులేసి కూర్చోబెట్టాడు. "బట్టీ వేడి నాలాగా ఎక్కించినవాడు పుట్టలేదు. ఆ రోజు నిప్పులు లాగుదామని పార పెడితే పార కరిగి నెయ్యిలా కారింది. పైన ఎగిరే పావురాలు ఉడికిన గుడ్లు పెట్టాయి. సముద్రంలో చేపలు వేగి ఒడ్డుకొచ్చాయి, జనం ఉప్పు కూడా వేసుకోలేదు, సముద్రంలోనే ఉంది కదా. మంట ఆర్పేసినా ఆ వేడి పోలేదు, మరుసటి పండగకి అదే వేడి మీద మళ్ళీ కాల్చారు! నేను ఒకసారి వేసిన బట్టీ అంటే ఇక చల్లారడమనేది ఉండదు. ఇదిగో, ఈ బట్టీనే తీసుకోండి. ఇప్పుడు లోపలికి ఇనుప గుండు విసిరితే ఆవిరై పోవాలి. ప్రాణమున్న జీవి దాని దరిదాపుల్లోకి..."

బావమరిది కాళ్ళ మధ్యనుంచి, బేకరీ గుమ్మం దాటి, పిల్లి బయటికొచ్చింది.

ఒళ్ళంతా బూడిద. బట్టీ కింద బూడిద పడే గుంటలో మధ్యాహ్నమంతా పడుకుని లేచినట్టు ముందుకాళ్ళు చాపి, వెన్ను విల్లులా వంచి, వెనకకాళ్ళు ఒక్కొక్కటే విదిలించి, నోరు పూర్తిగా తెరిచి ఆవులించింది. తర్వాత వచ్చి టైలరమ్మ పాదాల మీద, వెచ్చదనం కోసం, ముడుచుకు పడుకుంది.

పోస్టు బాబాయ్ జిగురు కుంచె పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

మామ్మ వడపోత గుడ్డ పిండి ఆరేసింది. ఆరేసి, పిల్లి వైపు చూసి, "పాపం, ఆ వేడిలో దీనికి చలేసినట్టుంది," అంది.

టైలరమ్మ స్టూలుని తోసేసుకుంటూ లోపలికి పరుగెత్తింది. బట్టీ తలుపు మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత చెంప కూడా పెట్టింది. ఎండలో ఉంచిన రాయికి ఇంతకంటే వేడి ఉంటుంది. పొద్దుటి రొట్టెలకి బేకరీ ఆయన వేసిన మంట ఎప్పుడో చల్లబడిపోయింది. పండగ గిన్నెలకి మళ్ళీ కట్టెలు పేర్చి, ఇటుకలు ఎర్రబడే దాకా మండించి, నిప్పులు లాగేసి, ఆ తర్వాత కదా గిన్నెలు పెట్టాలి. ఆ కట్టెలు మూల పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

తలుపు తీసింది. గోరువెచ్చటి చీకట్లో వీధివాళ్ళ పిండంతా హాయిగా పొంగింది. గిన్నెల అంచులు దాటి, ఒకదానిమీదికొకటి ఒరిగి, ఒక చెయ్యిలా బయటికి వచ్చింది. ఆ ఒక్క విషయంలో బావమరిది అబద్ధం చెప్పలేదు.

"పొద్దుటి వేడి సరిపోతుందనుకున్నానమ్మా," అన్నాడు బావమరిది వెనకనుంచి. గొంతు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. "మొదటిసారి చూసినప్పుడే తెలిసింది. చెప్పేద్దామనే బయటికొచ్చాను. నీ మొహం చూశాక నోట్లోంచి వేరేది వచ్చింది. ఒకటి వచ్చాక రెండోది ఆగలేదు."

మేడ మీద కర్ర మోగలేదు. బహుశా ఆయనకి వినిపించి ఉండదు, లేకపోతే మొదటిసారి నిజం వినిపించి ఏం చేయాలో తోచి ఉండదు.

బయట వ్యాను స్టార్టయింది. ఒక కన్ను వెలిగింది.

టైలరమ్మ తన గిన్నె ఎత్తింది. మధ్యలో వేలితో నొక్కింది. వేలు దిగింది, తీస్తే గుంట నెమ్మదిగా పైకొచ్చింది. పిండి బతికే ఉంది. ఆమె అక్కడే నిలబడి గిన్నె వైపు చూసింది, కిటికీలోంచి కనబడుతున్న తన ఇంటి ఎర్ర నక్షత్రం వైపు చూసింది. ఏడుస్తుందని బావమరిది వెనక్కి జరిగాడు. ఏడవలేదు. మెడలో వేసుకున్న కొలతల టేపు తీసి పక్కన పడేసి, బల్ల మీదున్న గుడ్డ తడిపి గిన్నె మీద కప్పి, చుట్టూ దారంతో బిగించి కట్టి, పరుగున వెళ్ళి వ్యాను ముందు సీట్లో పెట్టింది.

డ్రైవర్ గుడ్డ మీద వేలితో నొక్కి చూశాడు. "అక్కా, ఇది..."

"ఆఁ."

"ఏం చెప్పమంటావు?"

టైలరమ్మ వ్యాను తలుపు పట్టుకుంది.

"లోపల పచ్చిగా ఉందని చెప్పు. ఈసారి బయట కూడా పచ్చిగానే ఉందని చెప్పు. ఓవెన్ ఉన్నవాళ్ళే కాల్చుకోవాలని చెప్పు."

డ్రైవర్ తల గోక్కున్నాడు. "ఇది తిట్టా, పండగ మాటా?"

"నువ్వు చెప్పు. ఏదో ఆవిడే తేల్చుకుంటుంది."

వ్యాను వెళ్ళిపోయింది. వీధివాళ్ళంతా కలిసి కట్టెలు పేర్చారు, బావమరిది చేత ఊదించారు. ఊదడంలో ఆయనకి అనుభవం ఉంది కాబట్టి మంట తొందరగానే లేచింది. పండగ రొట్టెలు ఆలస్యంగా వచ్చినా అందరికీ అందాయి, అందరూ అందరివీ పొగిడారు. టైలరమ్మ మాత్రం ఎవరి ముక్కా సరిగ్గా తినలేదు. తిట్టా, పండగ మాటా అని డ్రైవర్ అడిగింది ఆమె చెవిలోనే ఉండిపోయింది. పండగ రోజంతా కుట్టిన చోటే మళ్ళీ కుట్టి, మళ్ళీ విప్పింది.

పండగ మర్నాడు వ్యాను వచ్చింది. డ్రైవర్ దిగి, సూది గుర్తున్న గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల సగం రొట్టె. పైన గోధుమరంగులో మెరుస్తోంది. అక్క సగం ఉంచుకుని సగం పంపింది.

"ఏమంది?" అని అడిగింది టైలరమ్మ.

"నవ్విందో ఏడ్చిందో నాకు తెలీదక్కా, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. తర్వాత ఇది ఇచ్చి, ఎలా ఉందో నిన్ను అడిగి రమ్మంది. ఖచ్చితంగా అడిగి రమ్మంది."

టైలరమ్మ ముక్కలు కోసింది. మామ్మకొకటి, పోస్టు బాబాయ్‌కొకటి, బావమరిదికొకటి. మేడ మీదికి కూడా ఒకటి వెళ్ళింది. తన ముక్క నోట్లో పెట్టుకుంది. పైన బాగుంది. అంచులు బాగున్నాయి. నడిబొడ్డు దగ్గరికి వచ్చేసరికి పళ్ళకి మెత్తగా, జిగటగా తగిలింది.

మామ్మ నమలడం ఆపి ఏదో అనబోయి, టైలరమ్మ వైపు చూసి మానుకుంది. పోస్టు బాబాయ్ మింగి నీళ్ళు తాగాడు. అందరూ టైలరమ్మ నోటివైపే చూస్తున్నారు. డ్రైవర్ మరీను.

ఆమె నిదానంగా నమిలి మింగింది.

"అక్కకి చెప్పు. ఇంత బాగా కాలిన రొట్టె ఈ వీధి పుట్టాక ఎవరూ తినలేదని చెప్పు. గిన్నె మూత తీయగానే వాసనకి వీధి వీధంతా లేచొచ్చిందని చెప్పు. ముక్కల కోసం కొట్టుకున్నారని చెప్పు. నడిబొడ్డు దాకా, నడిబొడ్డులో మరీనూ, బంగారంలా కాలిందని చెప్పు."

బావమరిది నోరు తెరిచి ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు.

మేడ మీద కర్ర మోగింది. టక్.

"అదిగో," అంది టైలరమ్మ ఇంకో ముక్క తీసుకుంటూ, "ఔనంటున్నారు."